బోర్డు చదివే హక్కు: కేంద్రానికి సాకు దొరకని చోటు

దుకాణం బోర్డు మన దేశ రాజకీయాల్లో ఎన్నడూ చిన్న విషయం కాలేదు. 2023 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు ముంబయి వర్తకులతో, రెండు నెలల్లోగా మరాఠీలో బోర్డులు పెట్టుకోవాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 27న బెంగళూరు వీధుల్లో ఇంగ్లీషు బోర్డులు పగిలాయి. రెండు నెలలు తిరగకముందే, నామఫలకంలో 60 శాతం కన్నడం ఉండాలన్న సవరణ బిల్లుకు కర్ణాటక శాసనసభ ఆమోదం తెలిపింది. 2024 జులైలో కావడ్ యాత్ర దారి పొడవునా తినుబండారాల దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అధికారులు ఆదేశిస్తే, 22వ తేదీన సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. ఏ ఆహారం వడ్డిస్తున్నారో రాస్తే చాలునన్నది కోర్టు వైఖరి. 2025 ఏప్రిల్ 15న మహారాష్ట్రలోని పాతూరు పురపాలక కార్యాలయం బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ ఉండటంలో తప్పు లేదని అదే న్యాయస్థానం తీర్పిచ్చింది.

ఈ వివాదాలన్నింటిలోనూ తేలవలసింది బోర్డు మీద పై వరుస ఎవరిది, పేరు ఎవరిది అన్నదే. ఆ బోర్డు ముందు నిలబడ్డ మనిషి దాన్ని చదవగలడా, చదివాక గుమ్మం దాటి లోపలికి పోగలడా అన్న ప్రశ్న ఏ పార్టీ సభలోనూ వినిపించలేదు. దాన్ని అడిగిన తీర్పు ఒకటి 2024 నవంబరు 8న వచ్చింది. బోర్డులు పగిలిన రోజు దొరికిన పతాక శీర్షికల్లో పదో వంతు కూడా దానికి దక్కలేదు. దృష్టిలోపం ఉన్న రాజీవ్ రతూరి 2005లో మొదలుపెట్టిన న్యాయపోరాటంలో అది ఒక మజిలీ. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు, దుకాణం బోర్డును చూసే చూపునే మార్చవలసినది.

చట్టం ఉంది, నిబంధన లేదు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రజలు రాకపోకలు సాగించే ఏ భవనమైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆ చట్టం దృష్టిలో 'పబ్లిక్ బిల్డింగ్' కిందికే వస్తుంది. వాణిజ్య కార్యకలాపాలు సాగే చోట్లను చట్టం పేరుపెట్టి మరీ చేర్చింది. అంటే కిరాణా కొట్టు, మందుల దుకాణం, భోజన హోటలు, సెల్‌ఫోను రిపేరు షాపు అన్నీ అందులో ఉన్నట్టే. ప్రమాణాలు పాటించని భవనానికి పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వరాదని 44వ సెక్షను చెబుతుంది. అప్పటికే ఉన్న భవనాలను నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్ళలోగా అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షను ఆదేశించింది. నిబంధనలు 2017 జూన్ 15న వచ్చాయి కనుక ఆ గడువు 2022 జూన్‌తోనే ముగిసింది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల దాకా, ఆ తరువాత ప్రతిసారీ 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా అని 89వ సెక్షను నిర్దేశించింది.

ఇంత పదునున్న చట్టం ఎందుకు తెగలేదన్నదానికి జవాబు 15వ నిబంధనలో ఉంది. చట్టం 'పాటించి తీరాలి' అంటే, ఆ నిబంధన మాత్రం వివిధ శాఖల మార్గదర్శకాల జాబితాను చూపించి ఊరుకుంది. ఆ మార్గదర్శకాల్లో సలహాలే ఎక్కువ. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2021లో తెచ్చిన సార్వత్రిక సౌలభ్య ప్రమాణాల గ్రంథంలో బోర్డుల రంగుల తేడా, ఉబ్బెత్తు అక్షరాలు, బ్రెయిలీ గురించి మంచి మాటలే ఉన్నాయి. వాటిని పాటించకపోతే ఏమవుతుందన్నది మాత్రం లేదు. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం కోర్టు కోరిక మీద ఇచ్చిన నివేదిక ఈ లోపాన్ని వివరంగా చూపింది. సుప్రీంకోర్టు 15వ నిబంధనలోని ఆ భాగాన్ని మూల చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస నిబంధనలను సలహాల నుంచి వేరుచేసి మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ మూడు నెలలు 2025 ఫిబ్రవరితో గడిచాయి.

ఇలాంటి సందర్భంలో కేంద్రం సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. భవన నిర్మాణ అనుమతులు స్థానిక సంస్థలవి, స్థానిక సంస్థలు రాష్ట్రాలవి, రాష్ట్రాలు కదలకపోతే ఢిల్లీ ఏం చేయగలదు? రాజ్యాంగం ప్రకారం ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ మాట ఏమాత్రమూ చెల్లని చోటు దేశంలో ఒకటుంది. ఆ చోటును చూస్తే ఈ వ్యవహారంలో అసలు అడ్డంకి ఏమిటో తేటపడుతుంది.

ఢిల్లీయే రాష్ట్రమైన చోట

అండమాన్ రాజధాని నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు దిక్కుగా సుమారు 14 కిలోమీటర్లు వెళితే సిప్పీఘాట్ వస్తుంది. సుగంధ ద్రవ్యాల తోటలు, కొబ్బరి వంగడాల పరిశోధన క్షేత్రం, నీటి క్రీడల కేంద్రం ఉన్న పల్లె అది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోయింది. ఆనాడు సిప్పీఘాట్ వరిచేలల్లోకి వచ్చిన సముద్రపు నీరు చాలా చోట్ల తిరిగి పోనేలేదు. సాగు పోయిన చోట మనుషులకు మిగిలేది దారి పక్క వ్యాపారం, పర్యాటకం. అటువంటి ఊరికి దుకాణం బోర్డు అలంకారం కాదు, బతుకుతెరువు.

ఈ ఊరిని పాలించేదెవరు? అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేరు. ఒక లోక్‌సభ స్థానం, రాష్ట్రపతి నియమించే లెఫ్టినెంట్ గవర్నరు మాత్రమే ఉన్నారు. రాజ్యాంగంలోని 240వ అధికరణం ప్రకారం ఈ దీవుల శాంతికి, ప్రగతికి, సుపరిపాలనకు రెగ్యులేషన్లు చేసే అధికారం రాష్ట్రపతిది, అంటే ఆచరణలో కేంద్ర హోం మంత్రిత్వ శాఖది. పట్టణాన్ని నడిపే పురపాలక రెగ్యులేషన్, పల్లెలను నడిపే పంచాయతీల రెగ్యులేషన్ రెండూ 1994లో అలా వచ్చినవే. రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పని అని ఏ చట్టమైనా అంటే, ఇక్కడ ఆ రాష్ట్ర ప్రభుత్వం కేంద్రమే.

కాబట్టి రతూరి తీర్పును అమలు చేయడానికి ఈ దీవుల్లో ఎవరి సమ్మతి కోసమూ కేంద్రం ఎదురుచూడనక్కర లేదు. నిబంధన రాసేదీ, దాన్ని పురపాలక, పంచాయతీ నియమావళిలో చేర్చేదీ, అమలు చేసే అధికారిని నియమించేదీ ఒకే చేయి. దేశమంతటికీ నిబంధనలు చేయడం ఆలస్యమవుతుంటే, నమూనాగా ముందు ఈ దీవుల్లో చేసి చూపవచ్చు. సిప్పీఘాట్ రోడ్డు మీద ఒక దుకాణం బోర్డు చదవదగినట్టు లేకపోతే, ఆ జవాబుదారీ నేరుగా ఢిల్లీది.

పేరు మార్చినంత తేలికగా

చేయలేరన్నది కూడా నిజం కాదు. బోర్డులు మార్పించడం ఈ దీవుల్లో కేంద్రానికి అలవాటైన పనే. 2018 డిసెంబరు 30న రాస్ ద్వీపం నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 2023 జనవరి 23న మరో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరు 13న పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అవుతుందని హోం మంత్రి అమిత్ షా ప్రకటించారు. ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు పోయినందుకు కంటతడి పెట్టవలసిన పని ఎవరికీ లేదు. అయితే ఊరి పేరు మారితే లెటర్‌హెడ్డు నుంచి గుమ్మం మీది బోర్డు దాకా మార్చుకోవలసింది వ్యాపారే. ఎలాగూ బోర్డు దింపి మళ్ళీ రాయించే ఆ సందర్భంలోనే, కొత్త బోర్డు అందరూ చదవగలిగేలా ఉండాలన్న ఒక్క పేజీ నమూనాను కూడా జతచేసి పంపి ఉంటే పని సగం తీరేది.

పేరు మార్చడంలో చూపిన చొరవ పని మార్చడంలో కనిపించకపోవడం వైకల్యం విషయంలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో 'వికలాంగ' అన్న మాట బదులు 'దివ్యాంగ' అందామని సూచించారు. మంత్రిత్వ శాఖ విభాగం పేరులోనూ ఆ మాట చేరింది. గౌరవమైన పిలుపు మంచిదే. ఆ పిలుపు అందుకున్న మనిషి మందుల దుకాణం ఎక్కడుందో దారిన పోయేవారిని అడిగి తెలుసుకోవలసి వస్తే, గౌరవం పిలుపు దగ్గరే ఆగిపోయినట్టు.

పై వరుసలో ఎవరూ లేని ఊరు

బోర్డుల రాజకీయం అంతా ఒక భూభాగంలో ఒక భాషకు పెద్దపీట అన్న భావన మీద నడుస్తుంది. అండమాన్‌లో ఆ భావన నిలబడదు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు 28 శాతానికి కాస్త పైన, హిందీ 19 శాతం, తమిళం 15 శాతం, తెలుగు 13 శాతం. తరువాత నికోబారీ, మలయాళం. ఏ భాషకూ మెజారిటీ లేదు. అధికార భాషలు హిందీ, ఇంగ్లీషు. తెలుగువారు యాభై వేల మంది దాకా ఉన్న ఈ దీవులకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో.

ఆ జనసంఖ్యకు రాజకీయ బలం కూడా ఉంది. 2022 మార్చిలో జరిగిన పోర్ట్‌బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో 24 వార్డుల్లో బీజేపీ 10, కాంగ్రెస్ 10, తెలుగుదేశం 2, డీఎంకే 1, స్వతంత్రులు 1 గెలుచుకున్నారు. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి పురపాలక మండలి అధ్యక్షురాలయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండు పార్టీల పొత్తు మళ్ళీ కుదరడానికి ఏడాది ముందే అండమాన్‌లో కుదిరిందని అప్పట్లో విశ్లేషకులు గుర్తించారు. 2024 ఎన్నికల తరువాత 16 మంది ఎంపీలతో తెలుగుదేశం కేంద్ర ప్రభుత్వానికి ఊతకర్ర అయింది. ఆ పార్టీ తరఫున కేంద్రమంత్రి అయిన రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. అండమాన్ తెలుగువారి మూలాలున్న నేల అది. ఇంత పలుకుబడి ఉన్న పార్టీ ఈ దీవుల బోర్డుల మీద ఏం అడగాలి? 'తెలుగు పై వరుసలో ఉండాలి' అని అడిగితే అది ముంబయి, బెంగళూరు పాటకు మరో చరణం మాత్రమే అవుతుంది. అడగవలసినది వేరే ఉంది.

ఒక దుకాణదారు బోర్డు మీద

సిప్పీఘాట్ దారి పక్క భోజన హోటలు పెట్టుకున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత ఓడెక్కి వచ్చాడు, తండ్రి పొలం సునామీలో ఉప్పునీటి పాలైంది, కొడుకు హోటలు తెరిచాడు. అతని బోర్డు మీద ఇప్పటికే ఎన్ని చేతులున్నాయో చూడండి. జీఎస్టీ నమోదు ఉంటే, గుమ్మం దగ్గరి నామఫలకం మీద ఆ నంబరు కనబడాలని కేంద్ర జీఎస్టీ నిబంధనల్లోని 18వ నిబంధన చెబుతుంది. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు కనబడేలా తగిలించాలి. స్థానిక సంస్థ ఇచ్చే వ్యాపార లైసెన్సు ఉండాలి. ఇవన్నీ ప్రభుత్వం తన కోసం, తన లెక్కల కోసం రాయించే అక్షరాలు. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరును నిలబడి చదివే గిరాకీ ఒక్కడూ ఉండడు. లోపల భోజనం దొరుకుతుందన్న సంగతి ప్రతి మనిషికీ తెలియాలన్న నిబంధన మాత్రం ఇంకా పుట్టలేదు.

'అందరికీ అందే బోర్డు' అనగానే ఖరీదైన విదేశీ పరికరమేదో కళ్ళ ముందు మెదులుతుంది. నిజానికి అందులో ఉన్నవి చాలా మామూలు సంగతులు. నేపథ్యానికీ అక్షరానికీ మధ్య వెలుగునీడల తేడా బాగా ఉండాలి. ఎర్ర నేల మీద పచ్చ అక్షరం రంగులు సరిగా పోల్చుకోలేని వారికి కనబడదు. మిలమిల మెరిసే పలక మీద ఎండ పడితే చూపు మందగించిన వృద్ధులకు అక్షరమే మాయమవుతుంది. అద్దం తలుపు మీద పలచని తెల్ల అక్షరాలు ఎవరికీ పనికిరావు. నడిచే దారిలోకి తలెత్తున పొడుచుకొచ్చే బోర్డు, కాలిబాట మీద నిలబెట్టిన చెక్క బోర్డు చేతికర్రతో నడిచేవారికి దెబ్బలు తగిలించే అడ్డంకులు. చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి పక్కవైపు ఉంటే, అటు చూపే బాణం గుర్తు ముందువైపు ఉండాలి. వినికిడి లేనివారు అడిగి తెలుసుకోవడం కష్టం కనుక ధర, వేళలు రాసి ఉండటం వారికి ఒక సౌకర్యం కన్నా ఎక్కువ.

తెలుగు లిపికి తనదైన ఇబ్బంది ఒకటి ఉంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఒకే ఎత్తున నిలుస్తాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద ఒత్తులు. ఒకే పలక మీద ఇంగ్లీషుతో సమానమైన ఎత్తు కేటాయిస్తే తెలుగు అక్షరపు కడుపు సగానికి కుంచించుకుపోతుంది. 'స్త్రీ', 'శాస్త్రి' వంటి మాటల్లో ఒత్తులు దూరం నుంచి ఒక మచ్చలా కనిపిస్తాయి. సొగసు కోసం తీగలు సాగదీసిన అక్షరాల ఫాంటు ఆ మచ్చను ఇంకా పెంచుతుంది. కనుక భాషల మధ్య 'సమానమైన సైజు' అన్న నిబంధన కాగితం మీద న్యాయంగా కనిపించినా, ఒత్తులున్న లిపులకు అన్యాయమే చేస్తుంది. నిబంధన రాసేవారు అక్షరం ఎత్తును కాక, అది ఎంత దూరం నుంచి చదవబడుతుందన్నదాన్ని కొలతగా తీసుకోవాలి. బోర్డు రాసే పెయింటర్లను ఆ కమిటీలో కూర్చోబెడితే ఈ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది.

చుక్కలు కలిపిన భాషలు

భాషల తగవులో మునిగిన మన రాజకీయులు గమనించని ఒక విశేషం బ్రెయిలీలో ఉంది. భారతీయ భాషలకు 1951లో ఖరారైన భారతి బ్రెయిలీ పద్ధతిలో, ఒకే ధ్వనికి దాదాపు అన్ని భాషల్లోనూ ఒకే చుక్కల అమరిక. తెలుగు 'క', హిందీ 'క', బెంగాలీ 'క', తమిళ 'క' నాలుగూ వేలికి ఒకటే. అవి ఇంగ్లీషు 'కె' అక్షరపు చుక్కలు కూడా. 'ల', 'మ' అక్షరాలదీ అదే తీరు. భాషను బట్టి చిన్న చిన్న తేడాలున్నా, 'లక్ష్మి మెడికల్ స్టోర్' అని తెలుగులో చుక్కలు పొడిపిస్తే హిందీ బ్రెయిలీ నేర్చిన వేలు కూడా దాన్ని దాదాపుగా పోల్చుకుంటుంది. కళ్ళతో చదివేవారికి నాలుగు వరుసలు కావలసిన చోట వేళ్ళతో చదివేవారికి ఒక వరుస చాలు. పై వరుస ఎవరిదన్న గొడవ అక్కడ పుట్టనే పుట్టదు.

బ్రెయిలీయే సర్వస్వమని చెప్పడం కూడా పొరపాటే. పెద్ద వయసులో చూపు పోయినవారిలో దాన్ని నేర్చుకున్నవారు తక్కువ. వారికి ఉబ్బెత్తుగా ఉన్న పెద్ద అక్షరాలు, ఫోను కెమెరా తప్పులేకుండా చదవగలిగే సాదా అక్షరాలు కావాలి. పైగా పదడుగుల ఎత్తున ఉన్న బోర్డు మీద బ్రెయిలీ ఉన్నా లేనట్టే. తాకి చదివే పలక తలుపు పక్కన, చేతికందే ఎత్తున ఉండాలి. అమెరికాలో 1990 నాటి వైకల్య చట్టం కింద వచ్చిన ప్రమాణాలు ఆ ఎత్తును నేల నుంచి 48 అంగుళాలకూ 60 అంగుళాలకూ మధ్య అని తేల్చి చెప్పాయి. నిబంధన అంటే అలా ఉండాలి. కొలబద్దతో కొలిచి పాటించారో లేదో చెప్పగలగాలి. 'వీలైనంత మేరకు', 'తగినంత' వంటి మాటలతో నిండిన కాగితం వ్యాపారికీ ఉపయోగపడదు, తనిఖీదారుకూ ఉపయోగపడదు. లంచానికి మాత్రం ఉపయోగపడుతుంది.

సిప్పీఘాట్ విషయంలో మరో కారణమూ ఉంది. సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. సముద్రం అడుగున కదలిక వస్తే ఆ కబురు నిమిషాల్లో దీవులకు చేరుతుంది. అక్కడి నుంచి ఒక హోటలు గదిలో ఉన్న వినికిడి లేని పర్యాటకుణ్ణి, దుకాణంలో ఉన్న చూపు లేని గిరాకీని బయటికి, ఎత్తైన చోటికి నడిపించవలసినది గోడ మీది గుర్తు. నేల కుంగిన ఊళ్ళో 'బయటికి దారి' అన్న పలక చీకట్లో కనబడుతుందా, చేతికి తగులుతుందా అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. 2004ను చూసిన దీవులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు.

చిన్న వ్యాపారి భయం

ఇక్కడ ఒక అభ్యంతరం వినవలసి ఉంది. ఇప్పటికే నంబర్లు, లైసెన్సులు, ఊరి పేరు మార్పుల బరువు మోస్తున్న చిన్న వ్యాపారి మీద ఇంకో నిబంధన, ఇంకో జరిమానా వేస్తే అతను ఏమవుతాడు? 10,000 రూపాయలు పెద్ద హోటలుకు ఒక పూట గది అద్దె. దారి పక్క టిఫిను కొట్టుకు నెలల తరబడి మిగులు. ముంబయిలోనైనా బెంగళూరులోనైనా బోర్డుల ఉద్యమాలు ఎక్కువగా వేధించింది చిన్నవారినే. దీవుల్లో సామాను ఓడ మీద రావాలి కనుక ఏ వస్తువైనా ఖరీదే. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేసేవారు హక్కుల పేరుతో ఇన్‌స్పెక్టరు రాజ్యానికి తలుపు తెరిచినవారవుతారు.

అయితే దానికి విరుగుడు నిబంధనను వాయిదా వేయడం కాదు. ఐదేళ్ళ గడువు పెట్టి, ఏమి చేయాలో చెప్పకుండా గడువు దాటనిచ్చి, ఇప్పుడు వ్యాపారిని దోషిగా నిలబెట్టడమే అసలైన అన్యాయం. తప్పు చేసింది నిబంధన రాయని ప్రభుత్వం. కనుక మొదటి ఖర్చు దానిదే కావాలి. తలుపు పక్కన పెట్టే తాకి చదివే పలకను స్థానిక సంస్థ ఒకే నమూనాలో, ఒకేసారి పెద్ద సంఖ్యలో చేయించి వ్యాపార లైసెన్సు పునరుద్ధరణతో పాటు ఉచితంగా ఇవ్వవచ్చు. పై బోర్డుకు రంగుల, అక్షరాల నమూనాలు అన్ని లిపుల్లోనూ ఇచ్చి, దుకాణం ఎప్పుడు కొత్త బోర్డు పెట్టుకుంటే అప్పుడు పాటించమనవచ్చు. జరిమానా పెద్ద హోటళ్ళతో, రిసార్టులతో, బ్యాంకులతో మొదలు కావాలి. అన్నిటికన్నా ముందు ప్రభుత్వ కార్యాలయాలు, ప్రభుత్వ సంస్థ అనిడ్కో నడిపే విక్రయ కేంద్రాలు తమ బోర్డులు సరిచేసుకుని చూపాలి. పాలకుడి గుమ్మం సరిగా లేకుండా కొట్టువాడి గుమ్మానికి నోటీసు అంటించడం చెల్లదు.

ఇంకో ప్రమాదాన్ని కూడా ముందే గుర్తించాలి. 'అందరికీ అర్థం కావాలి' అన్న మాటను అడ్డం పెట్టుకుని బోర్డులను హిందీ, ఇంగ్లీషులకు కుదించే ప్రయత్నం జరగవచ్చు. అక్షరాలు ఎక్కువైతే గజిబిజి అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. బెంగాలీ, తమిళం, తెలుగు, నికోబారీ మాట్లాడే వృద్ధురాలికి తన భాషలో ఉన్న ఒక్క మాట కూడా సౌలభ్యమే. పాతూరు తీర్పు చెప్పినదాని సారం అదే, భాష మనుషులకు సంగతి చేరవేయడానికి. కనుక అధికార భాషలతో పాటు వ్యాపారి ఎంచుకున్న మరో భాషకు చోటు ఉండాలన్నది నిబంధనలో స్పష్టంగా ఉండాలి.

తెలుగు రాష్ట్రాలకూ ఇందులో ముఖం చూసుకోవడానికి అద్దం ఉంది. దుకాణం పేరు తెలుగులో ఉండాలని, ఇతర భాషలు దాని కింద రావాలని 1988 నాటి దుకాణాల చట్టం కింద ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నిబంధనలు ఎన్నడో చెప్పాయి. అమీర్‌పేటలోనో, విజయవాడ బందరు రోడ్డులోనో తలెత్తి చూస్తే వాటి గతి తెలుస్తుంది. తెలుగు బోర్డు కోసం అప్పుడప్పుడూ గొంతెత్తే భాషాభిమానులు, దానితో పాటు తాకి చదివే తెలుగు గురించి కూడా అడిగితే వారి వాదానికి బలం పెరుగుతుంది. చూపు లేని తెలుగువారికి అందని తెలుగు బోర్డు సగం తెలుగే.

అండమాన్‌కు వస్తే, అడగవలసిన పార్టీకి అడిగే స్థానం ఉంది, చేయవలసిన ప్రభుత్వానికి చేసే అధికారం ఉంది, కోర్టు ఆదేశం ఉంది. అడ్డుపడే శాసనసభ లేదు, అలిగే మెజారిటీ భాష లేదు. శ్రీ విజయపురం అన్న కొత్త పేరును దీవుల బోర్డుల మీద రాయిస్తున్నది ఏ ప్రభుత్వమో, ఆ పేరును వేళ్ళతో చదివే వీలు కల్పించవలసినదీ అదే ప్రభుత్వం. సిప్పీఘాట్ హోటలు గుమ్మం పక్కన, చేతికందే ఎత్తున ఆ చిన్న పలక ఎప్పుడు వస్తుందో హోం మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తేదీతో సహా చెప్పాలి. ఆ తేదీని అడగడం తెలుగుదేశం ఎంపీలకు పెద్ద పని కాదు.